టూత్‌పేస్టు పందెం

"ఎనభై ఎనిమిది డిగ్రీలు!" కంప్యూటర్ మెకానిక్ కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. "నీ టూత్‌పేస్టు ఉడికిపోతోందే! నెల్లాళ్ళు గిన్నెలు నువ్వే తోమాలి!"

"ఆగండాగండి. మీ ఖరీదైన పేస్టుకీ ఎనభై ఎనిమిదేగా వచ్చింది," అంది భార్య.

ప్రాసెసర్‌కీ దాన్ని చల్లబరిచే కూలర్‌కీ మధ్య వేడిని లాగడానికి పూసే ఖరీదైన పేస్టుకు బదులు టూత్‌పేస్టు చాలని ఆమె, చస్తే చాలదని అతను. పొద్దుట్నుంచీ షాపు మూసేసి మరీ ఇదే పని. పేస్టు మార్చినప్పుడల్లా కూలర్ అడుగుభాగాన్ని ఆమే తుడుస్తోంది. అందులో తనను మించినవాళ్ళు లేరని ఆమెకు గట్టి నమ్మకం.

"ఇంకోసారి!" అని కూలర్ ఊడదీసి, తళతళలాడేలా తుడిచి, ముందుగదిలోకి వచ్చిన అత్తగారి ముందు పెట్టింది. "మీరే చెప్పండత్తయ్యా, ముఖం కనిపిస్తోందా లేదా?"

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, కూలర్ అంచును గోటితో గీరింది. సర్రుమంటూ పల్చటి ప్లాస్టిక్ పొర ఊడొచ్చింది.

"కొత్త గిన్నె కొన్నా ముందు ఇది తీసేస్తాం కదే. ఈ మూల రాసి కూడా ఉంది, వాడే ముందు తీసేయమని."

"అది కంపెనీ పేరనుకున్నానమ్మా," అన్నాడు పద్దెనిమిదేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్న కొడుకు.

కోడలు పొట్ట పట్టుకుని బల్ల మీదకు వాలిపోయింది. కాసేపటికి అతనూ ఆమె పక్కనే వాలి నవ్వాడు.

మళ్ళీ పరీక్షించారు. ఆమెది యాభై ఎనిమిది. అతనిదీ యాభై ఎనిమిదే.

"మరి గెలిచిందెవరు?" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

"నేను," అంది అత్తగారు, గిన్నెలు తోమే పీచును రెండుగా చింపి చెరో ముక్కా వాళ్ళ చేతుల్లో పెడుతూ.