ముగ్గురికీ గుండెపోటే

“ఉమాకాంతం గారి ఇల్లు ఇదేనా అమ్మా?”

జగ్గయ్యపేటలో బట్టల కొట్టు కుటుంబరావు ఇంటి అరుగు మీద ఎవరో ఆవిడ నిలబడి ఉంది. యాభై ఏళ్ళుంటాయి. బాగా చిక్కిపోయి ఉంది.

“ఇదే. ఆయన మా మామగారు. పోయి పదేళ్ళయింది. మీదే ఊరు?” అంది కుటుంబరావు భార్య బాలామణి.

“వత్సవాయి. ఆదెమ్మ అంటారు.”

బాలామణి జాగ్రత్త పడింది. కూతురు నిఖితకి నందిగామ సంబంధం ఆ వారమే మాటల్లో ఉంది. మగపెళ్ళివారు ఇలా ముక్కూమొహం తెలియని మనుషుల్ని పంపి ఆరా తీయడం మామూలే.

“పెద్దాయన ఏ జబ్బుతో పోయారమ్మా?”

“గుండెపోటు.”

“ఆయన అన్నగారు?”

“ఆయనా గుండెపోటే.”

“తమ్ముడుగారు?”

“గుండెపోటే!”

ఆదెమ్మకి నవ్వొచ్చింది. “ముగ్గురికీ పేగు క్యాన్సరని విన్నానమ్మా.”

“గిట్టనివాళ్ళు సవాలక్ష అంటారు. మా వంశంలో అలాంటివి లేవు.”

“లేకపోతే మంచిదే. అయ్యగారికి నలభై దాటాయిగా? ఒంట్లో బాగున్నా సరే, ఒక్కసారి ఈ డాక్టరుగారికి చూపించండి.” చీటీ ఒకటి అందించబోయింది.

“శుభమా అని పెళ్ళి మాటలు నడుస్తుంటే ఆ కూతలేంటి? ఇక వెళ్ళిరా తల్లీ.”

ఆదెమ్మ చీటీని అరుగు మీద పెట్టి, ఎగిరిపోకుండా చిన్న రాయి ఉంచి, మెట్లు దిగింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన కుటుంబరావు చీటీ చూశాడు. భార్య చెప్పిందంతా విన్నాడు. ఆయనకి రెండు నెలలుగా విరేచనంలో రక్తం పడుతోంది. మొలలేననుకుని, మందుగా కంద కూర తింటూ, ఎవరికీ చెప్పలేదు.

మర్నాడే సరుకు వంకతో హైదరాబాదు వెళ్ళాడు.

“సమయానికి వచ్చారు. పేగులో కాయ ఇంకా క్యాన్సరుగా మారలేదు. తీసేశాం,” అంది చీటీలో పేరున్న డాక్టర్ వాగ్దేవి. రక్తపరీక్ష ఫలితం వచ్చాక మళ్ళీ పిలిచి చెప్పింది. “మీ జన్యువులో ఒక్క అక్షరం తేడా ఉంది. పుట్టుకతో వచ్చింది. వయసుతోపాటు దానికి మరికొన్ని తప్పులు తోడైతేనే క్యాన్సర్. ఏటేటా చూపించుకోండి, నిశ్చింతగా ఉండండి.”

భర్త ఇంటికొచ్చి సంగతంతా చెప్పాక, ఈసారి బాలామణి ఏదీ దాచలేదు. నందిగామకి తనే ఫోన్ చేసి, వాళ్ళు పంపిన ఆవిడే మేలు చేసిందని కూడా చెప్పింది.

“ముందే తెలిస్తే సగం భయం పోయినట్టే వదినగారూ. మావాడు మీ అమ్మాయినే చేసుకుంటానంటున్నాడు,” అంది పెళ్ళికొడుకు తల్లి. “అయినా, మేమెవర్నీ పంపలేదే!”

ముహూర్తం కుదిరింది. కుటుంబరావుకి మళ్ళీ ఆకలి పుట్టింది, గోంగూర పచ్చడితో రెండోసారి అన్నం పెట్టించుకుంటున్నాడు. మొదటి శుభలేఖ ఆదెమ్మకే ఇవ్వాలని భార్యాభర్తలు అనుకున్నారు. మంచి నేత చీర కొని, హైదరాబాదు వెళ్ళినప్పుడు డాక్టరునే ఆవిడ చిరునామా అడిగారు.

“ఆదెమ్మ గారు పోయి నెలయిందండీ. అదే జబ్బు. నా దగ్గరికి చాలా ఆలస్యంగా వచ్చారు.”

బాలామణి కళ్ళు తుడుచుకుంది. “ఇన్ని ఇళ్ళుండగా మా ఇంటికే ఎందుకొచ్చిందండీ?”

డాక్టరు ఆదెమ్మదీ, కుటుంబరావుదీ రిపోర్టులు పక్కపక్కన పెట్టింది.

“ఇద్దరిలోనూ అదే అక్షరం, అదే చోట తప్పింది. రక్తసంబంధం ఉంటేనే ఇలా వస్తుంది. ఆవిడకి తండ్రి నుంచి వచ్చిందట. ఆయన పేరు మాత్రం ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.”

కుటుంబరావు రిపోర్టులు దగ్గరికి లాక్కున్నాడు. పత్తి కొనడానికని ఆయన తండ్రి ఏళ్ళ తరబడి వారం వారం వత్సవాయి వెళ్ళేవాడు.

“బాలా, ఆ రోజు మనం గడప తొక్కనివ్వకుండా పంపేసింది నిఖిత మేనత్తని.”