స్టీరింగు ఉన్న కంప్యూటరు

“ఆటలకా ఇంత కంప్యూటరు?” అంది రమణి.

అమలాపురం నుంచి వచ్చిన మెకానిక్ వైర్లు బిగిస్తూ తల ఎత్తకుండా చెప్పాడు. “ఆయ్. పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేయించేరండి. బొమ్మ నిజం రోడ్డులా ఉండాలన్నారు.” టేబులుకి స్టీరింగు, కింద పెడల్సు కూడా బిగించి వెళ్ళిపోయాడు.

రమణి భర్త మోహన్ కువైట్‌లో డ్రైవరు. సెలవు మీద వచ్చాడు. వచ్చే వారం తిరుగు ప్రయాణం.

“పాపకి రెండేళ్ళు. నాకు మౌసు పట్టుకోవడం రాదు. మీరేమో వెళ్ళిపోతన్నారు. ఇది ఎవరికండీ? అక్కడ ఉద్యోగం గానీ ఊడిందా?”

“లేదు. సరదాకి కొన్నాను, ఊరుకోవే.”

ఏళ్ళ తరబడి బండి నడిపే మనిషికి బండి ఆట సరదా ఏమిటో ఆమెకి అర్థం కాలేదు. స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

తెర మీద కారు బయలుదేరింది. కుడివైపు నుంచి వచ్చిన బళ్ళన్నిటినీ మోహన్ తప్పించాడు. ఎడమవైపు నుంచి వచ్చిన లారీని గుద్దేశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఎడమవైపే, ఈసారి బస్సు.

“అంత బస్సు కనపళ్ళేదా?” అని నవ్వబోయి ఆగింది రమణి. తను కూర్చున్నది అతనికి ఎడమ పక్కనే. చెయ్యెత్తి అతని చెంప దగ్గర ఆడించింది. మోహన్ రెప్ప వేయలేదు.

“ఎప్పట్నుంచండీ?”

అతను స్టీరింగు వదల్లేదు. “రంజాన్ ముందు నుంచి. ఎడమ పక్కంతా మసక. ఈ ఆటలో నడపగలిగితే అక్కడా నడపగలననుకున్నాను.”

రమణి స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. “మళ్ళీ పెట్టండి. ఎడమ పక్క ఏం వస్తందో నేను చెబుతాను.”

“కువైట్‌లో ఎవరు చెబుతారే?” అన్నాడు మోహన్.