కింద పెట్టిన కప్పు

కాఫీ కప్పు ముట్టకుండా కింద పెట్టి అడిగితే, నన్ను కాదన్నవాడు మా అరబ్బుల ఊరు కరక్‌లో ఇంకా పుట్టలేదు. అడిగింది చేస్తానని మాటిచ్చేదాకా అతిథి కప్పు ముట్టడు; తాగకుండా లేచిపోతే పరువు పోయేది కాఫీ పోసినవాడిదే మరి.

నిన్న మా ఆవిడ క్రెడిట్ కార్డుతో, ఆమెకు చెప్పకుండా, ఒళ్లు పట్టే కుర్చీ కొన్నాను. ఇంటి గుమ్మం చూడగానే వణుకు పుట్టింది. బ్యాంకుకు ఫోన్ చేస్తే, "ఇంకా పెండింగ్‌లోనే ఉందండీ, కొట్టాయనే రద్దు చెయ్యాలి" అన్నారు.

ఇవాళ మధ్యాహ్నం కొట్టుకెళ్లి, కొట్టు నడిపే కుర్రాడు నవాఫ్ పోసిన కాఫీ కింద పెట్టాను.

"తాగు బాబాయ్, చల్లారిపోతోంది."

"ముందు ఆ కుర్చీ బేరం రద్దు చెయ్యరా. మీ పిన్నికి తెలిస్తే నన్ను మేకల దొడ్లో పడుకోబెడుతుంది."

"పొద్దున్నే చేసేశాను. కార్డు గీకిన మెసేజ్ పిన్ని ఫోన్‌కే కదా వెళ్లేది! వచ్చి, కప్పు కింద పెట్టి కూర్చుంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పొద్దని రెండో కప్పు కూడా కింద పెట్టింది. రెండ్రోజులు నిన్ను వణకనివ్వమంది. ఇప్పుడు నువ్వూ పెట్టేశావు, నేనేం చెయ్యను!"

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, నా కప్పు సంగతి. యాలకుల వాసనకు ఆగలేక, నోరు తెరిచి అడక్కముందే తాగేశాను. నా మొహం చూసి జాలిపడి నవాఫే అంతా చెప్పేశాడంతే. కప్పు కింద పెట్టింది మా ఆవిడ ఒక్కతే.