పదిహేను మీటర్ల దారం

బ్యాటరీకి నిప్పంటుకునే ప్రమాదం ఉంది, కొత్తది బిగించేదాకా కారుని ఇంటికి పదిహేను మీటర్ల దూరంలో పెట్టమని కంపెనీ ఉత్తరం రాసింది. బట్టలు కుట్టే ఆవిడ కదా, కొలతంటే కొలతే. టేపుతో కొలిచి, చక్రం పక్కన సుద్దగీత గీసింది.

మూడు రోజులుగా తెల్లారేసరికి కారు గీత దాటి ఇంటివైపు ఓ జానెడు వచ్చి ఉంటోంది. రోజూ వెనక్కి పెడుతూనే ఉంది.

"బ్రేకు సరిగా వేసుండవు," అన్నాడు మొగుడు ఆవలిస్తూ.

"వేశాను. చక్రాలకి ఇటుకలూ పెట్టాను. ఇవాళ దాని సంగతో నా సంగతో తేలిపోవాలి. మీరెళ్లి పిల్లల దగ్గర పడుకోండి."

బంపరుకి గట్టి దారం కట్టి, రెండో కొస బిగుతుగా వేలికి చుట్టుకుని గడప మీద కూర్చుంది. గాలి లేదు. ఎక్కడా కుక్క కూడా మొరగడం లేదు.

రాత్రి రెండు దాటాక వేలి మీద బిగువు తగ్గింది. తెగిందేమోనని లాగి చూసింది. తెగలేదు. చీకట్లో ఇటుక నేలకి రాసుకుంటున్న చప్పుడు, నెమ్మదిగా.

"పిల్లల్ని తీసుకుని వెనక గుమ్మంలోంచి వెళ్లిపోండి," అంది లోపలికి, గొంతు పెంచకుండా.

తను మాత్రం లేవలేదు. వదులైన దారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఎంత దగ్గరకొచ్చిందో కొలత తెలియాలి కదా.