రెండో సంపుటి చిరిగిపోయింది

“సార్, మీ పుస్తకం చిరిగిపోయింది. ఇంకొక కాపీ పంపిస్తారా?” కుప్పం లైబ్రరీ నుంచి ఫోను చేసిన జాహ్నవి అడిగింది.

“ఎవరమ్మా చింపింది?” పురుషోత్తం గారికి బీపీ పెరిగింది.

“ఎవురూ చింపలేదు సార్. చదివి చదివి చిరిగింది.”

ఆయన సోఫాలో కూలబడ్డారు.

పురుషోత్తం గారు మదనపల్లెలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చైనా చరిత్ర, సంస్కృతి మీద మూడు సంపుటాలు రాశారు. ఒక్కొక్కటి తలగడంత లావు. ఆయన చైనా వెళ్ళలేదు గానీ, చైనావాళ్ళకు కూడా తెలియని సంగతులు అందులో ఉన్నాయని ఆయన నమ్మకం. ఊళ్ళో ఆ పుస్తకాలను మెచ్చుకోనివాళ్ళు లేరు. చదివినవాళ్ళే దొరకలేదు. టమోటా మండీవాళ్ళు పిలిచి శాలువా కప్పారు. “మన చైనా సారు” అని గర్వపడ్డారు. పుస్తకం చేతికివ్వబోతే మాత్రం, “మీకాడే ఉండనీండి సార్, భద్రంగా ఉంటాది” అన్నారు.

“ఒక్కడంటే ఒక్కడు చదివినాడని తెలిసినా నాలుగో సంపుటి రాస్తాను. లేదంటే ఉగాదితో కలం మూసేస్తాను,” అని ఆయన భార్య సుభద్రమ్మకు మాటిచ్చి ఉన్నారు. పాపం, ఆవిడ ఉగాది కోసం ఎదురుచూస్తోంది.

“చదివిందెవరమ్మా?” అన్నారు పురుషోత్తం గారు, గొంతు సవరించుకుని.

“రామకుప్పం పక్క గురప్ప అని ఒక రైతు సార్. ఆయన తీసుకపోతే ఊరంతా చదవతారంట.”

ఊరంతా! పురుషోత్తం గారికి కళ్ళు చెమర్చాయి. మర్నాడే మూడు సంపుటాలూ సంచిలో వేసుకుని బస్సెక్కారు.

దారిలో పుంగనూరులో దిగారు. అక్కడ ఆయన మిత్రుడు దామోదర్ ఉన్నాడు. రెండో సంపుటి ఆవిష్కరణ సభలో దాని లోతుపాతుల గురించి అనర్గళంగా మాట్లాడి, సభ చేత కంటతడి పెట్టించినవాడు. ఇంట్లోకి వెళ్ళగానే షోకేసులో ఆ పుస్తకం కనబడింది. ఆవిష్కరణ నాటి రంగు కాగితం ఇంకా విప్పలేదు.

“కుప్పం పక్క ఒక ఊరు ఊరే చదవతాండాదంటప్పా,” అన్నారు పురుషోత్తం గారు.

“అది ప్రజల పుస్తకమని నేను ఆ పొద్దే చెప్పలేదా సార్!” అన్నాడు దామోదర్, ఏమాత్రం తడుముకోకుండా.

గురప్ప ఊళ్ళో ఆటో దిగేసరికి జనం పోగయ్యారు. గురప్ప బంతిపూల దండ వేశాడు. ఒక ముసలామె కాళ్ళకు మొక్కబోతే పురుషోత్తం గారు కంగారుగా వెనక్కి జరిగారు. మదనపల్లె శాలువాలన్నీ ఈ దండ ముందు దిగదుడుపే అనుకున్నారు. లోపలికి తీసుకెళ్ళి రాగి సంగటి, నంజుకోవడానికి ఊరిబిండి పచ్చడి పెట్టారు.

“పోయినేడు ఒక్క గింజ ఇంటికి రాలేదు సార్,” అన్నాడు గురప్ప. “ఈ యేడు సూడండి, మీరు తింటాండేది మా చేన్లో రాగులే. అంతా మీ పుస్తకం మహిమ.”

పురుషోత్తం గారు తలపంకించారు. ప్రాచీన చైనా వ్యవసాయం మీద తాను రాసిన అధ్యాయం ఇంత పని చేస్తుందని ఆయనకే తెలియదు.

“అందరూ ఎట్లా చదవతారప్పా?”

“మైకు పెట్టి సదవతాము సార్. ఇంటికొకరు వంతులేసుకుని.”

ఆయన వాకిట్లోకి తొంగిచూశారు. మైకు గొట్టం ఊరివైపు కాక గుట్టవైపు తిరిగి ఉంది. పొరుగూరివాళ్ళూ వినాలని కాబోలు! ఇంత పెద్ద మనసు మదనపల్లెలో ఎవరికుంది?

“మీ పుస్తకం వచ్చినాకే ఊరు నిమ్మళంగా నిద్రపోతాండాది సార్,” అంది గురప్ప భార్య ఎల్లమ్మ.

సారు ముఖం వాడింది. “నిద్రపోతాండారా?”

“వంతు లేనోళ్ళు సార్,” అని సర్దాడు గురప్ప.

ఆయన కుదుటపడ్డారు. “వేరే పుస్తకాలు చదవరా?”

“ఒగతూరి నవల తెచ్చినాము సార్. ఆ పొద్దు ఎల్లమ్మ వంతు. ఈ మనిషి కథలో మునిగిపోయి, మైకు పక్కన పెట్టేసి, లోపల్లోపలే సదువుకుంటా కూసునింది. శానా నష్టపోయినాము. మీ పుస్తకంతో ఆ భయం లేదు సార్. యాడ తెరిచినా ఒగటే. ఎంత సదివినా అయిపోదు.”

“నవలకూ గ్రంథానికీ అదేనప్పా తేడా,” అన్నారు పురుషోత్తం గారు. తన రచనల మీద ఇంత లోతైన విమర్శ ఆయన ఇంతవరకు వినలేదు.

అక్కడికక్కడే సుభద్రమ్మకు ఫోను చేశారు. “నాలుగోది రాస్తాండాను. ఇంక ఆగేది లేదు!” అవతల పెద్ద నిట్టూర్పు వినబడింది. ఆయన పట్టించుకోలేదు.

ఫోను జేబులో పెట్టుకుని గురప్ప రెండు చేతులూ పట్టుకున్నారు.

“ఈసారి మీకోసమే రాస్తాను గురప్పా. నువ్వే చెప్పు, మింగ్ వంశం గురించి రాయమంటావా, సుంగ్ వంశం గురించి రాయమంటావా?”

గురప్ప వినయంగా అన్నాడు.

“యా వంశమైనా సరే సార్, లావుగా మాత్రం రాయండి; మీ పుస్తకం మైకులో వినబడితే చాలు, రాగిచేన్లోకి దిగిన ఏనుగులు కూడా ఓర్సుకోలేక అడివిలోకి ఎలబారిపోతాండాయి.”