పూరేడమ్మ కొర్రచేను

కొండవాలున పూరేడమ్మ అనే పిట్ట, పిల్లలతో కలిసి కొంచెం నేలలో కొర్రలు పండించుకునేది. ఏటా తొలకరికి ముందే తిండి నిండుకుని, ఏడుస్తూ విత్తనాలే పిల్లల నోట్లో పెట్టేది.

ఆ ఏడు అడవి ఏనుగులు ప్రతి పున్నమికీ దాని గడపలో కాసిన్ని గింజలు పోయసాగాయి.

"ఊరికే పెడితే ఇక పని మానేస్తుంది," అంది కాకి.

కానీ పున్నమికి మళ్లీ గింజలొస్తాయన్న ధీమాతో పూరేడమ్మ ఈసారి విత్తనాలు ముట్టలేదు. వాన పడగానే పక్క బీడు కూడా కాళ్లతో గీరి, అన్నీ చల్లేసింది.

కంకులు బరువెక్కాయి. పిల్లలు వాటికి వేలాడి ఊగుతుంటే కాకి చూడవచ్చింది.

పూరేడమ్మ నవ్వింది. "కోతకు మేం చాలట్లేదు మామా. కూలి ఇస్తాను, వస్తావా?"

కాకి చేలోకి దిగింది.