పడవలో రెండో చోటు

గుడ్లున్న లాబ్‌స్టర్, అంటే పెద్ద సముద్రపు రొయ్య, తోకకు నాన్న కత్తితో గాటు పెట్టి సముద్రంలోకి వదిలేశాడు. అమెరికాలో మా మెయిన్ రాష్ట్రపు తీరంలో ఆ గాటు గుడ్లు పెట్టే ఆడదానికి గుర్తు; అది ఎవరి బోనులో పడినా మళ్ళీ వదిలేయాల్సిందే.

"కాలేజీల సంగతేం చేశావే, థియా?" అన్నాడు, ఈ సెలవుల్లో వందోసారి. సెప్టెంబరు వస్తే నాకు బడిలో ఆఖరి సంవత్సరం.

"ఒక్కదానికే దరఖాస్తు పెడతాను నాన్నా. వంతెన అవతలుందే, దానికి. పొద్దున్నే నీతో పడవెక్కి, ఆ తర్వాత క్లాసుకి పోవచ్చు."

నాన్న బోనును దబ్బున నీళ్ళలోకి తోశాడు. "అక్కర్లేదు. నువ్వు ఎర కట్టేలోపు లాబ్‌స్టర్లకి మనవలు పుడుతున్నారు. వచ్చే ఏడాదికి వేరే మనిషిని మాట్లాడుకున్నా."

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ పోయినప్పటి నుంచి పడవలో ఆ రెండో చోటు నాది! తడి చేతులతోనే ఫోను తీసి, అన్ని కాలేజీలకీ కలిపి ఉండే ఆన్‌లైన్ దరఖాస్తులో ఆరిజోనా, టెక్సస్, ఒరెగాన్ కాలేజీలు చేర్చేశాను. ఎంత దూరమైతే అంత మంచిది.

రేవులో దిగగానే, ఎర అమ్మే విన్‌స్లోను నిలదీశాను. "నాన్న ఎవర్ని పెట్టుకున్నాడు?"

"ఎవర్నీ లేదే! మా తమ్ముణ్ణి పెట్టుకోమని నిన్న నేనే బతిమాలాను. 'ఆ చోటు మా అమ్మాయిది, ఖాళీ లేదు పో' అన్నాడు."

నా వెనక నుంచి, పడవ కడుగుతూనే నాన్న కేకేశాడు. "ఫోన్లో ఎన్ని కాలేజీలు ఎక్కించావే?"

నేను పడవ వైపు తిరిగాను. "మూడు. అన్నీ దూరానివే."

"ఇంకోటి చూడు," అన్నాడు తలెత్తకుండా. "ఇంకా దూరంది."